జ్ఞానస్నానం గౌను మనవరాలి దాకా నిలవాలంటే

1841 ఫిబ్రవరిలో విక్టోరియా రాణి తన తొలి బిడ్డకు లండన్‌లో జ్ఞానస్నానం ఇప్పించింది. ఆ పాప కోసం స్పిటల్‌ఫీల్డ్స్‌లో నేసిన పట్టుతో, డెవన్ ప్రాంతపు ఆడవాళ్ళు చేత్తో అల్లిన హానిటన్ లేసుతో పొడవాటి గౌను ఒకటి కుట్టించారు. ఆ తర్వాత ఆ వంశంలో పుట్టిన పిల్లలకు అదే గౌను వేస్తూ వచ్చారు. ఏడవ ఎడ్వర్డ్ వేసుకున్నాడు, ఐదవ జార్జి వేసుకున్నాడు, రెండవ ఎలిజబెత్, ఆమె కొడుకు చార్లెస్, మనవడు విలియం వేసుకున్నారు. 2004లో చివరిసారి వాడేనాటికి 62 మంది పసిపిల్లల ఒంటి మీదికి ఎక్కిన గౌను అది. 163 ఏళ్ళు! ప్రతిసారీ వాడాక ఊటనీటితో చేత్తో ఉతికి, వెలుతురు పడని గదిలో దాచేవారని చెబుతారు.

మన ఇళ్ళలో అలాంటి గౌను పాతికేళ్ళు నిలవడం కూడా కష్టమవుతోంది. అక్క పిల్లకు వేసిన గౌను తమ్ముడి పిల్లకు వేద్దామని బీరువాలోంచి తీస్తే మెడ దగ్గర గోధుమరంగు మచ్చలు, మడతల వెంట పసుపు చారలు, లేసులో చిల్లులు. "శుభ్రంగా ఉతికే పెట్టానే!" అని ఆ ఇంటి అమ్మమ్మ బాధపడుతుంది. ఆవిడ మాట నిజమే, ఉతికే పెట్టింది. అయితే గౌనును పాడుచేసేవి చాలావరకు దాచిన రోజున కంటికి కనపడవు. మరికొన్నింటిని గౌను బాగుండాలనే ప్రేమతో మనమే చేర్చి పెడతాం. ఈ రెండు సంగతులూ తెలిస్తే, రాజుల ఇంట్లో జరిగింది మన ఇంట్లోనూ చాలావరకు జరుగుతుంది. దానికి కావలసింది డబ్బు కంటే రసాయనశాస్త్రం మీద కొంచెం అవగాహన.

తెలుగు క్రైస్తవుల్లో పసిబిడ్డలకు జ్ఞానస్నానం ఇచ్చేది ముఖ్యంగా కతోలిక, లూథరన్, సి.ఎస్.ఐ. కుటుంబాలు. బాప్టిస్టు, పెంతెకోస్తు సంఘాల్లో ఊహ తెలిసినవాళ్ళు నీళ్ళలో మునిగి బాప్తిస్మం తీసుకుంటారు కాబట్టి అక్కడ పసివాళ్ళ గౌను ప్రసక్తి ఉండదు. కతోలిక ఆచారంలో అయితే బిడ్డకు తెల్లని వస్త్రం వేయడం ఆ క్రతువులోనే ఒక భాగం. గౌను అంచున లేసు కుట్టించుకోవడంలో మనకు సొంత చరిత్ర కూడా ఉంది. 19వ శతాబ్దంలో మిషనరీలు నరసాపురం చుట్టుపక్కల ఆడవాళ్ళకు నేర్పిన లేసు అల్లిక ఈనాటికీ పశ్చిమ గోదావరిలో వేల ఇళ్ళలో సాగుతోంది. 2024లో నరసాపురం క్రోషె లేసుకు భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. అమ్మమ్మ చేత్తో అల్లిన లేసు ఉన్న గౌను ఏ ఇంట్లోనైనా ఉందంటే, దాన్ని కాపాడుకోవడానికి ఇంకో కారణం వెతకక్కర్లేదు.

ఆ పూట బట్ట మీద ఏం పడింది?

గుడిలో గడిపిన ఆ రెండు గంటల్లో గౌను మీద పడేవాటిని ఒకసారి తలచుకుందాం. బిడ్డ కక్కిన పాలు. తలకు, ఛాతీకి రాసిన పవిత్ర తైలం. కొవ్వొత్తి మైనం. ఎత్తుకున్నవాళ్ళ చేతుల చెమట, పౌడరు, అత్తరు. విందులో ఎవరో ముద్దుగా నోటికి తాకించిన కేకు మీది క్రీము. మైనం కనిపిస్తుంది, క్రీము కనిపిస్తుంది. వాటిని తుడిచేస్తాం. ఆరిపోయిన పాలచుక్క, చక్కెర నీళ్ళు, పలచటి నూనె తడి తెల్లబట్ట మీద అస్సలు కనిపించవు. అసలు కథ వాటితోనే మొదలవుతుంది.

పాలలో లాక్టోజ్ అనే చక్కెర, కేసీన్ అనే మాంసకృత్తు, కొంత కొవ్వు ఉంటాయి. చక్కెర, మాంసకృత్తు ఒకచోట ఉంటే అవి మెల్లగా కలిసి గోధుమరంగు పదార్థాలుగా మారతాయి. 1912లో దీన్ని వివరించిన ఫ్రెంచి శాస్త్రవేత్త పేరు మీద దీన్ని మయ్యార్ చర్య అంటారు. పెనం మీద దోసె ఎర్రగా కాలి కమ్మటి వాసన వచ్చేది ఈ చర్య వల్లే. పెనం వేడికి నిమిషంలో జరిగేది బీరువాలో గది వేడికి పది, ఇరవై ఏళ్ళు తీసుకుంటుంది. అంతే తేడా. దాచిన రోజున లేని మచ్చ తర్వాత ఎక్కణ్ణుంచి వచ్చిందంటే, అది ఆ రోజునుంచీ అక్కడే ఉంది. రంగు తేలడానికి ఇన్నేళ్ళు పట్టిందంతే.

నూనెది ఇంకో దారి. నూనెల్లోని అసంతృప్త కొవ్వు ఆమ్లాలు గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి మొదట పెరాక్సైడ్లుగా, ఆ తర్వాత ఒకదానికొకటి అతుక్కున్న పెద్ద అణువులుగా మారతాయి. పాత నూనెకు ముక్కవాసన వచ్చేది ఈ దారిలోనే. పవిత్ర తైలంలో ప్రధానంగా ఉండే ఆలివ్ నూనె ఈ విషయంలో కాస్త నిదానం. పిల్లల ఒంటికి, తలకు రాసే రకరకాల నూనెల్లో కొన్ని త్వరగానే మారతాయి. నూనె అలా గట్టిపడి పోగులోకి ఇంకిపోయాక సబ్బుకూ లొంగదు, వేడినీళ్ళకూ లొంగదు. అందుకే గౌను విషయంలో మొదటి నియమం తేదీకి సంబంధించింది. పండగ హడావుడి తగ్గాక చూద్దామని వారం ఆగకుండా, ఆ రాత్రో మర్నాడో ఉతకాలి. తాజా పాలచుక్క చల్లటి నీళ్ళకే పోతుంది. వేడినీళ్ళు పోస్తే మాంసకృత్తు గడ్డకట్టి పోగును పట్టేసుకుంటుంది.

"మాకెందుకా బాధ, డ్రై క్లీనింగ్‌కు ఇచ్చేస్తాం" అనేవాళ్ళు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. డ్రై క్లీనింగ్‌లో నీళ్ళుండవు. చాలాచోట్ల పెర్‌క్లోరోఇథిలీన్ అనే ద్రావణి వాడతారు. అది నూనెను, మైనాన్ని చక్కగా కరిగిస్తుంది. చక్కెరను, చెమటలోని ఉప్పును ముట్టుకోదు. అంటే కాలక్రమేణా గోధుమరంగుకు తిరిగేవి లోపలే ఉండిపోతాయి. ఇస్తే ఇవ్వండి, పాలు ఎక్కడ పడ్డాయో, కేకు ఎక్కడ అంటుకుందో వేలుపెట్టి చూపించి మరీ ఇవ్వండి.

నూలా, పట్టా, పాలిస్టరా?

చేతిలో ఉన్న బట్ట ఏమిటో తెలియకుండా దానిమీద నీళ్ళు కూడా పోయకూడదు. నూలు, పట్టు చూడ్డానికి రెండూ తెల్లగానే ఉన్నా రసాయనికంగా రెండూ వేరే జాతులు. నూలు సెల్యులోజ్. వేల గ్లూకోజ్ అణువులు గొలుసులా కూడినది. ఆ గొలుసును తెంపేది ఆమ్లం. పట్టు ఫైబ్రోయిన్ అనే మాంసకృత్తు. దాన్ని తినేసేది క్షారం, ఎండ. నూలుకు పనికొచ్చిన మందు పట్టుకు విషమయ్యేది ఇందుకే. బట్టల సోడా నూలు చొక్కాకు మేలు చేస్తుంది, పట్టు గౌనును గరుకుగా చేసి మెరుపు చంపేస్తుంది. పాలమరకల కోసమని నేటి డిటర్జెంట్లలో మాంసకృత్తును జీర్ణం చేసే ఎంజైములు కలుపుతున్నారు. నూలు గౌను మీది పాలకు అవి మంచి మందే. పట్టే ఒక మాంసకృత్తు కనుక అవి పట్టును కూడా జీర్ణం చేస్తాయి. పొడి డబ్బా మీద ఎంజైములు ఉన్నాయని రాసి ఉంటే పట్టుకు దాన్ని దగ్గరికి రానివ్వకండి.

అనుమానం ఉంటే లోపలి కుట్టుమడిలోంచి రెండు పోగులు తీసి, పళ్ళెం మీద పట్టకారుతో పట్టుకుని కాల్చి చూడండి. నూలు కాగితం కాలిన వాసనతో కాలి బూడిదవుతుంది. పట్టు వెంట్రుక కాలిన వాసన వేసి, నలిపితే పొడి అయ్యే నల్లటి ముద్ద మిగులుస్తుంది. పాలిస్టర్ కరిగి, చల్లారాక గట్టి పూసలా మిగులుతుంది. ఈ రోజుల్లో బజారులో దొరికే శాటిన్, నెట్ గౌన్లు చాలావరకు ఈ మూడోరకమే. పాలిస్టర్‌ను పురుగు ముట్టదు, బూజూ అంతగా తినలేదు. దాంతో వచ్చే చిక్కు దానికి కుట్టిన వస్తువులతో. నడుముకు వేసిన ఎలాస్టిక్ కొన్నేళ్ళకు జిగురు కారి, ఆ తర్వాత పెళుసై పొడి అవుతుంది. జిగురుతో అంటించిన ముత్యాలు, చమ్కీలు పసుపెక్కి ఊడతాయి. వాటి పూత బట్టకూ అంటుకుంటుంది. దాచేముందు ఎలాస్టిక్‌ను కుట్టు విప్పి తీసెయ్యడం అన్నింటికంటే తెలివైన పని. మళ్ళీ వాడేటప్పుడు పావుగంటలో కొత్తది వేయించుకోవచ్చు. హుక్కులు, పిన్నీసులు, గుండుసూదులు ఇనుపవైతే వాటినీ తీసెయ్యాలి. తుప్పు ఒట్టి మచ్చతో ఆగదు. ఇనుపకణాలు ఆక్సిజన్‌కు తోడై సెల్యులోజ్ గొలుసులను తెంపుతూ పోతాయి. పాత బట్టల్లో పిన్నీసు ఉన్నచోట అంచులు గోధుమరంగు తిరిగిన రంధ్రం పడేది అందుకే.

ఇక తడి సంగతి. నూలు పోగు తడిస్తే బలం పెరుగుతుంది. పట్టు తడిస్తే బలం తగ్గుతుంది. విస్కోస్ రేయాన్ అయితే సగం దాకా కోల్పోతుంది. ఎండినప్పుడు గట్టిగా ఉన్న పాత పట్టు గౌనును నీళ్ళలోంచి భుజాలు పట్టుకుని ఎత్తితే, నీటి బరువంతా కుట్ల మీద పడి బట్ట చీలిపోతుంది. నేర్పరులు దోమతెరలాంటి వల మీద గౌనును పరిచి, వలతో సహా నీళ్ళలోకి దించి, వలతోనే పైకి తీస్తారు. లేసు ఉన్న నూలు గౌనుకు కూడా ఇదే పద్ధతి మంచిది. క్రోషె లేసు అంతా ఒకే దారంతో కొనసాగే ముడులు. ఒక ముడి తెగితే పక్కది జారుతుంది. తెగిన చోటు కనిపిస్తే ముందు అదే మందం దారంతో బాగు చేయించి, ఆ తర్వాతే నీళ్ళకు ఇవ్వాలి.

ఉతికే నీళ్ళ గురించి తెలుగు జిల్లాల్లో ప్రత్యేకంగా చెప్పుకోవాలి. మన బోరు నీళ్ళలో చాలాచోట్ల కాల్షియం, మెగ్నీషియం లవణాలు మెండు. సబ్బుతో కలిసి అవి తెల్లటి జిడ్డులా బట్టకు పడతాయి. ఇనుము ఉన్న నీళ్ళయితే చెప్పనే అక్కర్లేదు. అందుకే కనీసం చివరి రెండు మూడు తడుపులు ఆర్.ఓ. నీళ్ళతోనో, డిస్టిల్డ్ వాటర్‌తోనో ఇవ్వాలి. విక్టోరియా వంశంవాళ్ళ ఊటనీటి జాగ్రత్త వెనుక ఉన్నది కూడా ఈ తర్కమేనని నేననుకుంటాను. సబ్బు విషయానికొస్తే క్షారం లేని, రంగు, వాసన లేని ద్రవ డిటర్జెంటు చాలు. రుద్దడం, పిండడం వద్దు. అరగంట నాననిచ్చి, అరచేత్తో మెల్లగా నొక్కి, నీళ్ళు మార్చాలి. నురగ పూర్తిగా పోయేదాకా జాడించాలి. మిగిలిపోయిన సబ్బే రేపటి పసుపు. పట్టుచీరకు కుంకుడుకాయ రసం మన పెద్దల మంచి అలవాటు. అందులోని సాపోనిన్లు నురగనిస్తాయి, క్షారం లేదు కాబట్టి పట్టును నొప్పించవు. తెల్ల గౌనుకు మాత్రం అది వద్దంటాను, ఆ రసానికి తనదైన గోధుమఛాయ ఉంది.

ఉతికాక తెల్లటి తువ్వాలు మీద పరిచి, ఆకారం సరిచేసి, నీడలో ఆరబెట్టాలి. తీగ మీద వేలాడదీస్తే తడిబరువుకు సాగిపోతుంది.

తెల్లదనం కోసం చేసేవి

ఇక ప్రేమతో చేసే కీడు. ఉతికిన గౌను అందంగా ఉండాలని నీలిమందు, గంజి పెట్టి, ఇస్త్రీ చేసి మరీ దాచిపెడతారు. మూడూ వద్దు.

నీలిమందుల్లో పూర్వం ప్రష్యన్ బ్లూ వాడేవారు. అది ఇనుముతో చేసిన రంగు. బట్టలో సబ్బు తాలూకు క్షారం మిగిలి ఉంటే అది విరిగి తుప్పు మచ్చలుగా మారుతుంది. అల్ట్రామెరైన్ నీలిలో ఆ దోషం లేదు. అయినా దాని రేణువులు పోగుల మధ్య ఇరుక్కుని ఉండిపోతాయి. ఈనాటి డిటర్జెంట్లలో ఉండే తెల్లదనం కారకాలు ఇంకా తమాషాగా పనిచేస్తాయి. కంటికి కనిపించని అతినీలలోహిత కిరణాలను పీల్చుకుని నీలి వెలుగుగా వదులుతాయి. ఆ నీలం బట్టలోని పసుపును కప్పేస్తుంది. మురికి పోలేదు, కన్ను నమ్మిందంతే. కొన్నాళ్ళకు వెలుతురుకు ఆ కారకాలే విరిగి పసుపు తిరుగుతాయి. బ్లీచింగ్ ద్రవాలు, అంటే సోడియం హైపోక్లోరైట్ ఉన్నవి, పట్టును కరిగించేస్తాయి. ఇది అతిశయోక్తి కాదు, అందులో పట్టు పోగు నిజంగానే కరిగిపోతుంది. నూలును తెల్లబరుస్తూనే దాని గొలుసులను తెంపుతాయి. తెలుపు దక్కింది కదా అని ఆ పూట సంతోషిస్తాం, మరుసటి తరం చేతిలో బట్ట పీలికలవుతుంది.

గంజి అన్నం లాంటిదే. సిల్వర్‌ఫిష్, బొద్దింక దానికోసం వచ్చి, దాంతోపాటు నూలునూ కొరుకుతాయి. పైగా గంజి ఎండి బిరుసెక్కిన మడత దగ్గర పోగు విరుగుతుంది. ఇస్త్రీ మడతదీ అదే హాని. గంజి పెట్టాలన్న సరదా ఉంటే మళ్ళీ బిడ్డకు వేసే రోజున పెట్టుకోవచ్చు. దాచేటప్పుడు బట్ట మెత్తగా, ఏ పూతా లేకుండా ఉండాలి.

కలరా ఉండలు: బట్టకు కాదు, బిడ్డకు భయం

ఇప్పుడు చెప్పబోయేది ఈ వ్యాసంలో అన్నింటికంటే ముఖ్యమైనది. బీరువాలో బట్టల మధ్య కలరా ఉండలు వేయడం మనకు తరతరాల అలవాటు. అవి నాఫ్తలీన్. ఘనపదార్థంగా ఉంటూనే ఆవిరై బట్టల పోగుల్లోకి చేరుతుంది. పెద్దవాళ్ళ చీరల సంగతి వేరు. పసిబిడ్డ ఒంటిమీద వేసే గౌను దగ్గర ఇవి ఉండనే కూడదు.

మన ఎర్రరక్తకణాలకు ఆక్సీకరణ దెబ్బలనుంచి రక్షణ ఇచ్చే ఒక ఎంజైము ఉంది. దాని పేరు గ్లూకోజ్-6-ఫాస్ఫేట్ డీహైడ్రోజినేజ్, పొట్టిగా జి6పిడి. ప్రపంచంలో సుమారు 40 కోట్ల మందిలో ఇది పుట్టుకతోనే తక్కువగా ఉంటుందని అంచనా. భారతదేశంలోనూ ఉంది. ఆ జన్యువు ఎక్స్ క్రోమోజోము మీద ఉండటం వల్ల మగపిల్లల్లో ఎక్కువగా బయటపడుతుంది. మామూలు రోజుల్లో వాళ్ళకు ఏ ఇబ్బందీ ఉండదు, తల్లిదండ్రులకు తెలియనే తెలియదు. నాఫ్తలీన్ ఊపిరిలోకో చర్మం గుండానో శరీరంలోకి చేరితే, అది విరిగి ఏర్పడే పదార్థాలు ఎర్రకణాల మీద దాడిచేస్తాయి. కాపాడే ఎంజైము చాలనందువల్ల కణాలు పగిలిపోతాయి. రక్తహీనత, తీవ్రమైన కామెర్లు వస్తాయి. కామెర్లు మితిమీరితే పసికందు మెదడుకే ముప్పు. కలరా ఉండలతో దాచిన బట్టలు, దుప్పట్లు వాడిన నవజాత శిశువులకు ఇలా జరిగిన సందర్భాలు వైద్య గ్రంథాల్లో దశాబ్దాలుగా నమోదై ఉన్నాయి. ఐరోపా సమాఖ్య 2008లో నాఫ్తలీన్ ఉండలను నిషేధించింది.

మన ఇళ్ళలో ఇంకో అలవాటు దీనికి తోడవుతుంది. బిడ్డకు ఒళ్ళంతా నూనె మర్దనా చేసి, స్నానం పోసి బట్టలు తొడుగుతాం. నాఫ్తలీన్ నూనెలో తేలిగ్గా కరుగుతుంది, కాబట్టి నూనె ఉన్న చర్మం దాన్ని మరింతగా పీల్చుకుంటుంది. పాత గౌను తీసినప్పుడు కలరా ఉండల వాసన వస్తే దాన్ని రోజుల తరబడి గాలికి ఆరబెట్టి, ఉతికి, వాసన పూర్తిగా పోతేనే బిడ్డకు వేయండి. పోకపోతే ఆ గౌనును ఫోటోకు పక్కన పెట్టుకోండి, ఒంటిమీద వద్దు. కర్పూరాన్ని బదులుగా వాడటమూ మంచిది కాదు, అదీ పసివాళ్ళకు ప్రమాదకరమే. వేపాకు వేసుకునేవాళ్ళు ఎండినది గుడ్డసంచిలో కట్టి పెట్టెలో ఒక మూల ఉంచాలి. ఆకు నేరుగా బట్టకు తగిలితే మచ్చ పడుతుంది.

మరి పురుగుల మాటేమిటి? శుభ్రమైన, గంజి లేని బట్టకు పురుగు పట్టడం సగానికి సగం తగ్గిపోతుందనే నా నమ్మకం. ఉన్నితినే చిమ్మటలు నూలు జోలికి రావు, వాటికి కావలసింది ఉన్ని, పట్టు వంటి మాంసకృత్తు బట్టలు, అందునా చెమట, పాల మరకలు ఉన్నవి. అనుమానం వస్తే మ్యూజియంలు చేసే పని ఇంట్లోనూ చేయొచ్చు. గౌనును పలచటి గుడ్డలో చుట్టి, పాలిథిన్ సంచిలో గాలి తీసి గట్టిగా మూసి, డీప్ ఫ్రీజరులో సున్నాకు దిగువన 18 నుంచి 20 డిగ్రీల దగ్గర రెండు వారాలు ఉంచాలి. గుడ్లతో సహా పురుగు చస్తుంది. బయటికి తీశాక సంచి వెంటనే విప్పకూడదు. ఒక రోజు గదిలో ఉంచి, చల్లదనం పూర్తిగా తగ్గాకే తెరవాలి. లేకపోతే గాలిలోని తేమ చల్లటి బట్ట మీద నీరై కూర్చుంటుంది. ముత్యాలు, పూసలు, ప్లాస్టిక్ అలంకారాలు ఉన్న గౌన్లకు మాత్రం ఈ పద్ధతి వాడకపోవడం మేలు.

ఎక్కడ, ఎలా దాచాలి

డ్రై క్లీనర్ ఇచ్చిన పాలిథిన్ కవరులో ఉంచేసిన తెల్లబట్టలు మడతల దగ్గర పసుపు పచ్చబడటం చాలామంది చూసే ఉంటారు. ప్లాస్టిక్ చెడిపోకుండా అందులో కలిపే బి.హెచ్.టి. అనే పదార్థం ఆవిరై బట్టలోకి చేరుతుంది. వాహనాల పొగలోంచి, గ్యాసు పొయ్యిలోంచి వచ్చే నైట్రోజన్ ఆక్సైడ్లతో కలిసి పసుపు రంగు పదార్థమవుతుంది. బట్టల పరిశ్రమలో దీనికోసం ప్రత్యేకంగా ఒక అంతర్జాతీయ పరీక్ష కూడా ఉంది. పైగా కవరు లోపల చిక్కుకున్న తేమకు బయటికి పోయే దారుండదు. పి.వి.సి. కవర్లయితే మరీ హాని, అవి కాలం గడిచేకొద్దీ ఆమ్లపు ఆవిర్లు వదులుతాయి. చెక్కపెట్టెల్లోంచి అసిటిక్, ఫార్మిక్ ఆమ్లాల ఆవిర్లు వస్తాయి. మామూలు అట్టపెట్టెలో లిగ్నిన్ ఉంటుంది, పాత పత్రిక కాగితం గోధుమరంగు తిరిగేది దాని వల్లే. న్యూస్‌పేపరులో చుట్టడం అందుకే కూడదు, సిరా అంటుకోవడం అదనపు నష్టం.

మ్యూజియంలు ఆమ్లరహిత కాగితం, ఆమ్లరహిత పెట్టె వాడతాయి. అందులోనూ తేడా ఉంది. నూలుకు కొంచెం క్షారం కలిపిన కాగితం మంచిది, పైనుంచి వచ్చే ఆమ్లాన్ని అది మింగేస్తుంది. పట్టుకు ఏ క్షారమూ లేని తటస్థ కాగితమే కావాలి. ఇవి దొరకనిచోట, పదిసార్లు ఉతికి గంజంతా పోయిన పాత తెల్లపంచె కంటే మంచి చుట్టుగుడ్డ లేదు. అది గాలి ఆడనిస్తుంది, ఆమ్లం వదలదు, మాసినప్పుడు ఉతుక్కోవచ్చు. గౌనును వీలైనంత తక్కువ మడతలతో పరిచి, చేతుల్లోనూ మడతల్లోనూ ఆ గుడ్డనే చుట్టలుగా చుట్టి పెడితే పోగు పదునుగా వంగదు. ఏడాదికోసారి తీసి, వేరేచోట మడత పడేలా మార్చి పెట్టాలి. మెడ దగ్గర హ్యాంగరుకు వేలాడదీస్తే గౌను బరువంతా భుజాల కుట్లే మోస్తాయి.

చోటు విషయంలో మన వాతావరణం యూరప్ పుస్తకాల సలహాలకు లొంగదు. సాపేక్ష తేమ 65, 70 శాతం దాటితే బూజు మొలుస్తుంది. కోస్తాలో సంవత్సరంలో చాలా నెలలు అంతకు మించే ఉంటుంది. బయటి గోడకు ఆనించిన బీరువాలో అడుగు అర ఎక్కువ చెమ్మ పీలుస్తుంది. అటక మీద పెడదామంటే స్లాబు కింద మే నెల వేడి ఉడికించేస్తుంది. రసాయన చర్యలు చాలావరకు ప్రతి పది డిగ్రీల వేడికీ సుమారు రెట్టింపు వేగం పుంజుకుంటాయి. కాబట్టి ఇంటి మధ్యగదిలో, లోపలి గోడ పక్కన ఉన్న బీరువాలో, నడుమ అరలో పెట్టండి. ఇనుపపెట్టె అయితే లోపల పెయింటు చెక్కుచెదరకుండా ఉండాలి. పెట్టెలో సిలికా జెల్ సంచులు ఉంచి, వానాకాలం అయ్యాక వాటిని మళ్ళీ ఆరబెట్టి వాడుకోవచ్చు. తేమ కొలిచే చిన్న మీటర్లు ఇప్పుడు కొన్ని వందల రూపాయలకే దొరుకుతున్నాయి. అనుమానాలతో గడిపే కంటే ఒకటి కొనుక్కోవడం మంచిది.

చీకటి, పొడిదనం, కదలిక లేకపోవడం కలిస్తే బట్ట ఎంతకాలం నిలుస్తుందో చెప్పే వస్త్రం ఒకటి లండన్‌లోని పెట్రీ మ్యూజియంలో ఉంది. ఈజిప్టులోని తార్ఖాన్ సమాధుల్లో 1913లో ఫ్లిండర్స్ పెట్రీ బృందం తవ్వితీసిన మాసిన నారబట్టల మూటలో అది ఉందని 1977లో గానీ తెలియలేదు. కార్బన్ పరీక్షలు దాని వయసు ఐదువేల ఏళ్ళకు పైమాటేనని తేల్చాయి. ఇప్పటికీ చేతులు, మెడ కుచ్చులు ఉన్న అంగీలానే ఉంది. అది కూడా సెల్యులోజే, మన నూలు గౌనులో ఉన్నదే. ఈజిప్టు ఎడారి పొడి గాలి మనకు రాదు. చీకటి మాత్రం ఎవరి బీరువాలోనైనా ఉంటుంది. గౌనును ఫ్రేము కట్టించి హాల్లో పెట్టుకోవాలనుకునేవాళ్ళు ఇక్కడ ఆగి ఆలోచించాలి. మ్యూజియంలు పాత బట్టల మీద 50 లక్స్‌కు మించి వెలుతురు పడనివ్వవు. మన హాల్లో కిటికీ పక్కన పగటిపూట అంతకు ఎన్నో రెట్లు ఉంటుంది, అందులో అతినీలలోహిత కిరణాలూ ఉంటాయి. పట్టుకు వెలుతురంత శత్రువు మరొకటి లేదు. గోడ మీద ఫోటో పెట్టి గౌనును పెట్టెలో ఉంచమని నా సలహా.

ఇప్పటికే చీలుతున్న, తాకితే పొడి రాలుతున్న పాత పట్టు గౌను ఉంటే ఇంట్లో ఏ ప్రయోగమూ చేయకండి. 19వ శతాబ్దం చివరి దశాబ్దాల్లో పట్టు నుంచి జిగురు తీసేసినప్పుడు తగ్గిన బరువును తగరపు లవణాలతో నింపి అమ్మే పద్ధతి యూరప్‌లో బాగా పెరిగింది. అలాంటి పట్టు దానంతటదే నిలువునా పగులుతుంది, నీళ్ళు తగిలితే అంతే సంగతులు. అటువంటివాటికి వస్త్ర సంరక్షణ నిపుణులే దిక్కు. లక్నోలో 1976లో ఏర్పడిన జాతీయ సంరక్షణ పరిశోధనాశాల వంటి సంస్థలు మన దేశంలో ఈ విద్యను పెంచి పోషిస్తున్నాయి. దగ్గరలోని మ్యూజియం సంరక్షణ విభాగాన్ని అడిగినా దారి చూపుతారు.

గౌనుతోపాటు దాని కథ కూడా దాచాలి. ఎవరు కుట్టారు, లేసు ఎవరు అల్లారు, ఏ గుడిలో ఏ తేదీన ఎవరికి వేశారు, జ్ఞానతల్లిదండ్రులు ఎవరు, ఏ డిటర్జెంటుతో ఉతికారు, ఎక్కడెక్కడ మచ్చ పడింది. ఇవన్నీ మంచి కాగితం మీద పెన్సిలుతో రాసి, బట్టకు తగలకుండా పెట్టె మూతలోపల ఉంచండి. బాల్‌పెన్ను సిరా పాకుతుంది, పెన్సిలు గీత పాకదు.

మళ్ళీ వేయాలా, వద్దా? వేయాలనే నేనంటాను. వేసుకోవడానికే కదా అది పుట్టింది. అయితే ప్రతిసారీ వేసే ముందు వెలుతురుకు పట్టుకుని చూడండి. కుట్ల పక్కన పోగులు పలచబడినట్టు కనిపించినా, మెడ పట్టీ తల దూర్చేటప్పుడు బిగుసుకున్నా ఆగండి. రాజవంశంలోనూ ఆ రోజు వచ్చింది. 1841 గౌను ఇక తట్టుకోలేదని తేలాక రెండవ ఎలిజబెత్ దానికి అచ్చు నకలు కుట్టించింది. కొత్త బట్ట మరీ తెల్లగా కొట్టొచ్చినట్టు కనిపించకుండా, పాతదాని రంగు రావడానికి టీ నీళ్ళలో ముంచారు. 2008 నుంచి ఆ ఇంటి పిల్లలకు ఆ నకలే వేస్తున్నారు. విలియం పిల్లలు జార్జి, షార్లెట్, లూయీ వేసుకున్నది అదే. మన ఇంటి గౌను ఇంకా గట్టిగా ఉండగానే మంచి దర్జీని పిలిచి, కుట్టు విప్పకుండా దాని కొలతలు తీయించి, కాగితం మీద ఒక పాటర్న్ గీయించి పెట్టుకోండి. లేసు నమూనాను దగ్గరనుంచి ఫోటో తీసి, ఎన్ని ముడులకు ఒక పువ్వు వస్తుందో నరసాపురం వైపు అల్లేవాళ్ళచేత రాయించండి. ఆ కాగితాలు కూడా అదే పెట్టెలో, అదే పంచెగుడ్డ పక్కన ఉంచండి.